రాబర్ట్ షూమన్

రాబర్ట్ షూమన్ (జూన్ 8, 1810 - జూలై 29, 1856) జర్మనీకి చెందిన సుప్రసిద్ధ స్వరకర్త, సంగీత విమర్శకుడు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో కాల్పనిక యుగానికి చెందిన ప్రముఖులలో ఇతడు ఒకడు. నాలుగు సింఫనీలు, ఒక పియానో కన్సర్టో, పియానో కోసం అనేక కృతులు, వందలాది గీతాలు రచించాడు. ఇతడి భార్య క్లారా షూమన్ ఆ కాలంలో ఐరోపా అంతటా పేరుపొందిన పియానో విద్వాంసురాలు. షూమన్ యౌవనం నుండి తీవ్రమైన మానసిక వ్యాధితో బాధపడ్డాడు. చివరి రెండు సంవత్సరాల నాలుగు నెలలకు పైగా కాలాన్ని బాన్ నగరం సమీపంలోని ఎండెనిఖ్ మానసిక చికిత్సాలయంలో గడిపి అక్కడే మరణించాడు. ఆ కాలంలో మరణానికి రెండు రోజుల ముందు వరకు భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకోలేదు.

బాల్యం, విద్య

షూమన్ సాక్సనీ రాజ్యంలోని త్స్వికావ్ పట్టణంలో ఐదుగురు సంతానంలో చివరివాడిగా జన్మించాడు. తండ్రి ఆగస్ట్ షూమన్ పుస్తక వ్యాపారి, ప్రచురణకర్త, రచయిత కూడా. ఇంటినిండా పుస్తకాలు ఉండటం వలన షూమన్‌కు సంగీతంతో సమానంగా సాహిత్యంపై అభిరుచి కలిగింది. కౌమారంలో ఉండగానే అక్క ఎమీలీ ఆత్మహత్య చేసుకుంది. 1826లో తండ్రి మరణించాడు. ఈ రెండు మరణాల తరువాత తనకూ మతి చలిస్తుందేమోనన్న భయం షూమన్‌ను జీవితాంతం వెంటాడింది.

తల్లి కోరికపై 1828లో న్యాయశాస్త్రం చదవడానికి లైప్‌జిగ్ వెళ్ళాడు కాని తరగతులకు హాజరైనది తక్కువ. అక్కడ ఫ్రీడ్రిక్ వీక్ అనే ప్రసిద్ధ పియానో ఉపాధ్యాయుడి వద్ద శిష్యుడిగా చేరాడు. వీక్ కుమార్తె క్లారాకు అప్పటికి ఎనిమిదేళ్ళు దాటాయి. ఆ వయసుకే ఆమె బాలమేధావిగా పేరు తెచ్చుకుంటున్నది. 1830లో చదువు మానివేసి వీక్ ఇంట్లోనే అద్దెకు దిగిన షూమన్ ఆమెకూ ఆమె తమ్ముళ్ళకూ దయ్యాల కథలు చెప్పే పెద్ద అన్నయ్య వంటివాడు. కుడిచేతి వేలు దెబ్బతినడంతో విద్వాంసుడు కావాలన్న ఆశ వదలుకొని స్వరరచన వైపు మళ్ళాడు.

1831లో క్రిస్టెల్ అనే యువతితో ఇతడికి సంబంధం ఉండేది. దినచర్య పుస్తకంలో ఆమెను మారుపేరుతో ప్రస్తావించాడు. ఆ సంవత్సరం తనకు సిఫిలిస్ వ్యాధి సోకిందని, ఆర్సెనిక్‌తో చికిత్స జరిగిందని చాలా కాలం తరువాత ఎండెనిఖ్‌లో తానే చెప్పాడు. ఇతడి మరణకారణంపై నేటికీ సాగుతున్న చర్చకు ఈ మాటే మూలం.

1833 నాటి భయం

1833లో అన్న జూలియస్, వదిన రోజలీ కొద్ది వారాల తేడాతో మరణించారు. అక్టోబరు నెలలో ఒక రాత్రి తనకు బుద్ధి పోతున్నదన్న భయంకరమైన ఆలోచన షూమన్‌ను పట్టుకుంది. అప్పుడు అతడు ఎత్తైన అంతస్తులో నివసిస్తున్నాడు. కిటికీలోనుండి దూకివేస్తానేమోనన్న భయంతో కింది అంతస్తుకు మారాడు. ఎత్తైన అంతస్తులంటే ఈ భయం ఆ తరువాత ఎన్నడూ పూర్తిగా పోలేదు.

సలహా కోసం వెళ్ళినప్పుడు ఒక వైద్యుడు, ఇటువంటి వ్యాధికి మందులు పనిచేయవని, పెళ్ళి చేసుకుంటే భార్యే నయం చేస్తుందని చెప్పాడు. పెళ్ళి చేస్తే పిచ్చి కుదురుతుందన్న నమ్మకం మన వైపు పల్లెల్లోనే కాక ఆనాటి జర్మనీ వైద్యులలో కూడా ఉండేదని దీనినిబట్టి తెలుస్తుంది. ఈ మాట విన్న కొద్దికాలానికే, 1834లో వీక్ వద్ద సంగీతం నేర్చుకోవడానికి ఆష్ అనే ఊరి నుండి వచ్చిన ఎర్నెస్టీన్ ఫాన్ ఫ్రికెన్‌తో రహస్యంగా నిశ్చితార్థం జరుపుకున్నాడు. ఆ ఊరి పేరులోని అక్షరాలకు సరిపడే స్వరాలపై అల్లినదే ఇతడి ప్రసిద్ధ పియానో కృతి కార్నివాల్. ఈ సంబంధం నిలువలేదు. ఎర్నెస్టీన్ బారన్ దంపతులకు సొంత కుమార్తె కాదని, పెంపకానికి తెచ్చుకున్న బిడ్డ అని తెలియడం ఒక కారణం. అప్పటికే మనసు క్లారా వైపు తిరగడం రెండవ కారణం. ఎర్నెస్టీన్ పట్ల షూమన్ న్యాయంగా ప్రవర్తించాడని చెప్పలేము.

అదే 1834లో మిత్రులతో కలిసి సంగీత పత్రికను ప్రారంభించి పది సంవత్సరాలు నడిపాడు. అందులోని వ్యాసాలకు ఫ్లోరెస్టాన్, యూసేబియస్ అనే రెండు కల్పిత పాత్రల పేర్లు వాడేవాడు. మొదటివాడు ఆవేశపరుడు, రెండవవాడు స్వాప్నికుడు. వీటిని ఇతడి వ్యాధికి గుర్తుగా కొందరు చెబుతారు కాని, ఆ కాలపు సాహిత్యంలో జంట పాత్రల కల్పన సాధారణమైన విషయమే.

క్లారాతో ప్రేమ, న్యాయస్థానంలో వివాదం

1835 నవంబరులో షూమన్, క్లారాల మధ్య ప్రేమ వెల్లడైంది. అప్పటికి ఆమెకు పదహారేళ్ళు, అతడికి ఇరవై ఐదు. విషయం తెలిసిన వీక్ ఆమెను డ్రెస్డెన్ పంపివేసి, ఇద్దరూ కలుసుకోకుండా, ఉత్తరాలు రాసుకోకుండా కట్టడి చేశాడు. దాదాపు ఏడాదిన్నర ఎడబాటు తరువాత, 1837 ఆగస్టులో లైప్‌జిగ్ కచేరీలో క్లారా అతడి సంగీతాన్ని వాయించి తన మనసు మారలేదని తెలియజేసింది. మరునాడు, ఆగస్టు 14న, రహస్యంగా నిశ్చితార్థం జరుపుకున్నారు. క్లారా పద్ధెనిమిదవ పుట్టినరోజున షూమన్ ఉత్తరం ద్వారా ఆమెను ఇవ్వమని అడిగినప్పుడు వీక్ అంగీకరించలేదు.

తరువాతి మూడు సంవత్సరాలలో వీరు రాసుకున్న ఉత్తరాలు వందల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో 1838 ఫిబ్రవరిలో షూమన్ రాసినది చాలా ముఖ్యమైనది. 1833 నాటి రాత్రిని గురించి, మతిపోతుందన్న భయాన్ని గురించి, వైద్యుడి సలహాను గురించి, ఎర్నెస్టీన్‌ను ఆ సలహా ప్రకారమే కోరుకున్న సంగతిని గురించి అందులో వివరంగా చెప్పాడు. పెళ్ళికి రెండున్నర సంవత్సరాలు ముందుగానే తన వ్యాధిని ఆమె ముందుంచాడు. క్లారా వెనుకాడలేదు. ఆమె అమాయకంగా మోసపోయి ఈ వివాహం చేసుకున్నదన్న అభిప్రాయం ఈ ఉత్తరం చదివినవారికి కలుగదు.

సాక్సనీ చట్టం ప్రకారం వివాహానికి తండ్రి అంగీకారమైనా, న్యాయస్థానం అనుమతి అయినా కావాలి. 1839లో వీరు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. వీక్ నుండి విడాకులు తీసుకొని బెర్లిన్‌లో ఉంటున్న క్లారా తల్లి తన అంగీకారం తెలిపింది. వీక్ మాత్రం, షూమన్ భార్యను పోషించలేడని, నలుగురిలో మెలగడం తెలియనివాడని, తాగుబోతు అని ఆరోపించాడు. 1840 జనవరిలో న్యాయస్థానం తాగుడు ఆరోపణ మినహా మిగిలినవన్నీ కొట్టివేసింది. తాగుడును వీక్ నిరూపించలేకపోయాడు. ఆగస్టు 1న అనుమతి లభించింది. సెప్టెంబరు 12న, క్లారాకు 21 ఏళ్ళు నిండడానికి ఒక్కరోజు ముందు, లైప్‌జిగ్ సమీపంలోని షోనెఫెల్డ్ చర్చిలో వివాహం జరిగింది. ఒక్కరోజు ఆగితే ఎవరి అనుమతితోనూ పని ఉండేది కాదు. గెలిచిన హక్కును వాడుకోవాలనే వారు ఆగలేదని అనుకోవచ్చు.

ఆ ఒక్క సంవత్సరంలో షూమన్ 130కి పైగా గీతాలు రచించాడు. క్లారాకు పెళ్ళి కానుకగా ఇచ్చిన మిర్టెన్, హైనే కవితలకు కూర్చిన డిష్టర్‌లీబె ఈ కాలానికి చెందినవే.

వైవాహిక జీవితం

పెళ్ళైన మరునాటి నుండి ఇద్దరూ కలిసి ఒక దినచర్య పుస్తకం రాయడం మొదలుపెట్టారు. ఒక వారం అతడు, మరొక వారం ఆమె రాసి ఆదివారం నాడు పుస్తకాన్ని ఇచ్చిపుచ్చుకోవాలని నియమం. ఎదురుగా చెప్పుకోలేని ఫిర్యాదులు కూడా ఇందులో రాసుకునేవారు. అతడు స్వరరచన చేస్తున్నంతసేపూ పలుచని గోడల వల్ల క్లారా పియానో సాధన చేయడానికి వీలయ్యేది కాదు. తన వేళ్ళు మొద్దుబారిపోతున్నాయన్నది ఆమె బాధ. భార్య కచేరీలకు తోడుగా వెళ్ళి, ఆమె భర్తగా మాత్రమే పరిచయం కావడం అతడి బాధ. 1842లో ఆమె కోపెన్‌హాగన్ యాత్ర కొనసాగించగా అతడు మధ్యలోనే ఇంటికి తిరిగివచ్చి, దిగులుతో మద్యం ఎక్కువగా సేవించాడు.

దీనికి తోడు షూమన్ ఒక పద్దు పుస్తకం కూడా చాలా సంవత్సరాలు రాశాడు. ఇంటి ఖర్చులు, వచ్చిన ఉత్తరాలు, పూర్తైన కృతులు, ఆరోగ్య పరిస్థితి వంటి వివరాలతో పాటు అందులో కొన్ని తేదీల పక్కన ఒక చిన్న గుర్తు కనిపిస్తుంది. అది దాంపత్య సంబంధాన్ని సూచించే గుర్తు అని పరిశోధకులు భావిస్తున్నారు. దిగులు, చెవిలో మోతలు, నిద్రలేమి నమోదైన రోజుల నడుమ కూడా ఈ గుర్తులు ఉన్నాయి. తీవ్ర మానసిక రోగుల కుటుంబ జీవితం గురించి ఇంత నిరాడంబరంగా, ఇంత సూటిగా రోగి స్వయంగా నమోదు చేసిన పత్రాలు పందొమ్మిదవ శతాబ్దం నుండి లభించినవి అరుదు. 1841 నుండి 1854 వరకు వీరికి ఎనిమిదిమంది పిల్లలు పుట్టారు. వారిలో ఎమీల్ పసితనంలోనే మరణించాడు. ఇంతమంది పిల్లలు, వరుస గర్భాలు ఒక విద్వాంసురాలి వృత్తికి ఎంత ఆటంకమో క్లారా దినచర్యలో పలుచోట్ల కనిపిస్తుంది.

షూమన్ రచనా వేగం అతడి మనఃస్థితితో పాటు ఎగిసి పడేది. 1841 జనవరిలో మొదటి సింఫనీ చిత్తుప్రతిని నాలుగు రోజులలో పూర్తి చేశాడు. 1844లో, రష్యా యాత్ర తరువాత, దాదాపు ఏమీ రాయలేకపోయాడు. ఆ ఆగస్టులో తీవ్రంగా జబ్బుపడటంతో డిసెంబరులో కాపురం డ్రెస్డెన్‌కు మార్చారు. అక్కడి వైద్యుడు హెల్బిగ్, ఇతడికి ఎత్తైన అంతస్తులన్నా, తాళంచెవులు సహా లోహపు వస్తువులన్నా, మందులన్నా భయమని నమోదు చేశాడు. 1849లో మళ్ళీ విపరీతంగా రచనలు చేశాడు. ఏ ఏట ఎన్ని కృతులు పూర్తయ్యాయో 1959లో ఇద్దరు మనోవైద్యులు లెక్కకట్టి ప్రచురించిన పట్టిక, ఉన్మాదం-కుంగుబాటు జబ్బుపై జరిగే చర్చలలో తరచు కనిపిస్తుంది.

అదే 1849 మే నెలలో డ్రెస్డెన్‌లో తిరుగుబాటు చెలరేగింది. షూమన్‌ను పౌరసేనలో చేర్చుకోవడానికి మనుషులు ఇంటికి వచ్చినప్పుడు దంపతులు పెద్ద కుమార్తెతో కలిసి నగరం విడిచిపోయారు. ఇంట్లో మిగిలిపోయిన చిన్నపిల్లలను తీసుకురావడానికి, ఏడవ నెల గర్భంతో ఉన్న క్లారా సాయుధుల మధ్యనుండి నగరంలోకి తిరిగి వెళ్ళింది. ఈ కాపురంలో బరువు ఎవరి భుజాలపై ఉండేదో చెప్పడానికి ఈ సంఘటన చాలు.

డ్యూసెల్‌డార్ఫ్, 1854 ఫిబ్రవరి

1850లో డ్యూసెల్‌డార్ఫ్ నగర సంగీత సంచాలకుడిగా షూమన్ నియమితుడయ్యాడు. ఆ ఉద్యోగం అంగీకరించే ముందు, ఆ నగరంలో పిచ్చాసుపత్రి ఉందని ఒక భూగోళ పుస్తకంలో చదివి సందేహించాడు. వాద్యబృందాన్ని నడిపించడంలో ఇతడికి నేర్పు లేకపోవడంతో నిర్వాహకులతో తగాదాలు వచ్చాయి. 1853 శరత్కాలంలో ఇరవై ఏళ్ళ యోహానెస్ బ్రామ్స్ వీరి ఇంటికి వచ్చాడు. షూమన్ అతడి ప్రతిభను గుర్తించి వ్యాసం ద్వారా లోకానికి పరిచయం చేశాడు.

1854 ఫిబ్రవరి 10 రాత్రి షూమన్ చెవిలో ఒకే స్వరం ఆగకుండా మోగసాగింది. క్రమంగా అది పూర్తి సంగీతంగా మారింది. ఒక రాత్రి లేచి, దేవదూతలు వినిపించారంటూ ఒక స్వరపల్లవి రాసుకున్నాడు. మరునాటికి దేవదూతలు పోయి, పులుల రూపంలో, దుమ్ములగొండుల రూపంలో దయ్యాలు కనిపించాయి. 26వ తేదీన తనను ఆసుపత్రికి పంపమని తానే కోరాడు. రాత్రివేళ తానేం చేస్తాడో తనకే తెలియదని, హాని చేస్తానేమోనని క్లారాను దూరంగా ఉండమన్నాడు. మరునాడు, కార్నివాల్ పండుగ సోమవారం, ఇంటివారి కళ్ళుగప్పి వానలో బయటకు నడిచి, పడవల వంతెనపై నుండి రైన్ నదిలోకి దూకాడు. పడవవాళ్ళు రక్షించారు. దూకడానికి ముందు వరకు దేవదూతల పల్లవిపై వేరియేషన్లు రాస్తూనే ఉన్నాడు. వాటిని క్లారా ప్రచురించనివ్వలేదు. 1939లో గాని అవి వెలుగు చూడలేదు.

క్లారా అప్పుడు గర్భవతి. భర్త నదిలో దూకిన సంగతి ఆమెకు చెప్పకుండా స్నేహితురాలి ఇంటికి పంపారు. మార్చి 4న షూమన్‌ను బండిలో ఎండెనిఖ్‌కు తీసుకువెళ్ళారు. ఆమె పంపిన పూలగుత్తిని చాలాసేపు చేతిలో ఉంచుకొని, తరువాత తోడుగా వచ్చినవారికి తలా ఒక పువ్వు ఇచ్చాడు.

ఎండెనిఖ్

డాక్టర్ ఫ్రాంత్స్ రిచార్ట్స్ 1844లో స్థాపించిన ఈ చికిత్సాలయం ఆ రోజుల్లో మంచి పేరున్నది. రోగులను గొలుసులతో బంధించడం వంటి పాత పద్ధతులకు రిచార్ట్స్ వ్యతిరేకి. షూమన్‌కు ప్రత్యేకమైన గది, సేవకుడు, వాయించుకోవడానికి పియానో ఉండేవి. బాన్‌లోని బీథోవెన్ విగ్రహం వరకు నడిచివెళ్ళేవాడు. కాని రోగిని ఇంటి జ్ఞాపకాల నుండి, ముఖ్యంగా ఆత్మీయుల నుండి పూర్తిగా వేరుచేయాలన్నది ఆనాటి వైద్యసిద్ధాంతం. దగ్గరివారిని చూస్తే మెదడు ఉద్రేకపడుతుందని వారి నమ్మకం. ఇరవై ఏళ్ళ క్రితం భార్యనే ఔషధంగా చెప్పిన వైద్యశాస్త్రం ఇప్పుడు భార్యను నిషేధించింది. ఈ రెండు సందర్భాలలోనూ భార్య కాగల స్త్రీ అభిప్రాయం ఎవరూ అడగలేదు.

మొదటి నెలల్లో షూమన్ క్లారా పేరు ఎత్తకపోవడం ఆమెను ఎక్కువగా బాధించింది. అతడు ఆమె మరణించిందని అనుకుంటూ ఉండవచ్చునని తరువాత తెలిసింది. జూన్ 11న పుట్టిన ఎనిమిదవ బిడ్డకు మెండెల్సన్ గుర్తుగా ఫెలిక్స్ అని పేరుపెట్టింది. తండ్రి ఆ బిడ్డను ఎన్నడూ చూడలేదు. సెప్టెంబరులో, వివాహ వార్షికోత్సవ సమయంలో, వైద్యుల అనుమతితో ఆమె ఉత్తరం రాసింది. వెంటనే జవాబు వచ్చింది. పిల్లల గురించి, ఆమె పియానో వాదన గురించి ఆప్యాయంగా అడిగాడు. ఆ శీతకాలమంతా ఉత్తరాలు నడిచాయి. 1855 మే 5న రాసినదే క్లారాకు అందిన చివరి ఉత్తరం.

బ్రామ్స్, వయొలిన్ విద్వాంసుడు యోసెఫ్ యోవాకిమ్, రచయిత్రి బెట్టీనా ఫాన్ ఆర్నిమ్ వంటివారికి షూమన్‌ను చూసే అవకాశం లభించింది. భార్యకు మాత్రం లభించలేదు. బెట్టీనా తిరిగివచ్చి, అతడికి కావలసింది ఇల్లేనని, వైద్యుడే సరైనవాడు కాదని క్లారాకు తెలియజేసింది. యోవాకిమ్ వంటి మిత్రులు వేరు విధంగా చెప్పారు. ఎవరిని నమ్మాలో తేలని స్థితిలో క్లారా వైద్యుల మాటకే కట్టుబడింది. చికిత్సాలయం ఖర్చులకు, ఏడుగురు పిల్లల పోషణకు 1854 శరత్కాలం నుండి ఊరూరా కచేరీలు చేసింది. ఆమె లేనప్పుడు బ్రామ్స్ ఇంట్లో ఉండి పిల్లలను, పద్దులను చూసుకున్నాడు. అతడు ఆమెను గాఢంగా ప్రేమించాడు. అయినా షూమన్ మరణానంతరం వీరు వివాహం చేసుకోలేదు. జీవితాంతం మిత్రులుగా మిగిలారు. క్లారా భర్తను వదిలించుకున్నదని తరువాతి కాలంలో కొందరు రాసిన నింద, వైద్యుల ఆంక్షను పట్టించుకోకుండా చేసినది.

1855 వేసవి తరువాత షూమన్ పరిస్థితి దిగజారింది. గంటల తరబడి అరవడం, ఆహారంలో విషం కలిపారని అనుమానించి తినకపోవడం వైద్యుల నమోదులో ఉన్నాయి. 1856 వసంతంలో బ్రామ్స్ వెళ్ళేసరికి అట్లాసు ముందు పెట్టుకొని ఊర్ల పేర్లను అక్షరక్రమంలో రాస్తున్నాడు. ఆ ఏప్రిల్‌లోనే కొన్ని ఉత్తరాలను, కాగితాలను కాల్చివేశాడు.

జూలై 23న చివరి ఘడియలు సమీపించాయని తంతి రావడంతో క్లారా బయలుదేరి వచ్చింది. అప్పుడు కూడా చూడవద్దని చెప్పి వెనుకకు పంపారు. 27వ తేదీన ఆమె ఇక ఆగలేక తిరిగివచ్చింది. షూమన్ ఆమెను చూసి చిరునవ్వు నవ్వి, అవయవాలు స్వాధీనంలో లేకున్నా ఎంతో ప్రయాసతో ఒక చేయి ఆమె చుట్టూ వేశాడు. మాటలు అర్థం కాలేదు. వారాల తరబడి ఎవరు పెట్టినా సరిగా తినని మనిషి ఆమె వేళ్ళకు అంటిన ద్రాక్షసారాయిని ఆత్రంగా చప్పరించాడు. జూలై 29 సాయంత్రం నాలుగు గంటలకు, యోవాకిమ్‌ను తీసుకురావడానికి క్లారా రైల్వేస్టేషనుకు వెళ్ళిన సమయంలో, ఒంటరిగా మరణించాడు. అప్పటికి వయస్సు 46 సంవత్సరాలు.

వ్యాధి నిర్ధారణపై వాదాలు

రిచార్ట్స్ దీనిని మెదడు అతిశ్రమ వల్ల కలిగిన క్షయంగా భావించాడు. 1906లో మోబియస్ అనే వైద్యుడు, ఇప్పుడు స్కిజోఫ్రీనియా అనే జబ్బుగా చెప్పాడు. ఉన్మాదం-కుంగుబాటు జబ్బు (బైపోలార్) అన్న వాదానికి ఇరవయ్యవ శతాబ్దంలో బలం చేకూరింది. 1990లలో వెలుగులోకి వచ్చి, 2006లో పూర్తిగా అచ్చైన ఎండెనిఖ్ వైద్య నమోదులు, చివరి దశలో మెదడుకు పాకిన సిఫిలిస్ ఉండవచ్చునన్న వాదాన్ని బలపరిచాయి. రెండూ ఒకే మనిషిలో ఉండకూడదన్న నియమం లేదు. వంశపారంపర్యం గురించిన చర్చలో కుమారుడు లుడ్విగ్ పేరు తరచు వస్తుంది. ఇతడు 1870లో కోల్డిట్స్ మానసిక చికిత్సాలయంలో చేరి 1899లో మరణించేవరకు అక్కడే ఉన్నాడు.

సమాధి, స్మారకాలు

షూమన్‌ను 1856 జూలై 31న బాన్ నగరంలోని పాత శ్మశానవాటికలో ఖననం చేశారు. సమాధిపై శిల్పి అడాల్ఫ్ డోన్‌డార్ఫ్ రూపొందించిన స్మారకాన్ని 1880లో ఆవిష్కరించారు. 1896 మే 20న మరణించిన క్లారాను కూడా అక్కడే ఖననం చేశారు. ఎండెనిఖ్ గ్రామం ఇప్పుడు బాన్ నగరంలో భాగం. చికిత్సాలయ భవనంలో నగర సంగీత గ్రంథాలయం నడుస్తున్నది. షూమన్ నివసించిన గదులను స్మారక ప్రదర్శనశాలగా ఉంచారు.